స్కాట్లాండు శునకముల పుట్టినిండ్లు

గ్రేటు బ్రిటను ద్వీపమునకు ఉత్తరభాగమున స్కాట్లాండు దేశ మున్నది. దక్షిణమున ఇంగ్లండుతో గలియు సరిహద్దు కొండలు, నడుమ ఎడింబరో, గ్లాస్గో నగరములుగల పల్లపు నేల, దానికి పైని హైలాండ్సు అను పర్వతసీమ, పడమటను ఉత్తరమునను పెక్కు దీవులు—ఇదియే ఆ దేశముయొక్క స్వరూపము. వైశాల్యమున నది మన తెలంగాణ రాష్ట్రముకంటెను జిన్నది. జనసంఖ్య సుమారు 54 లక్షలు మాత్రమే. అయినను సోదరీమణులారా, నేడు మన నగరములలోని గృహస్థుల యిండ్ల మనము చూచు బంగారువన్నె రిట్రీవరును, చలనచిత్రములవలన బిల్లల కెల్ల బరిచితమైన కోలీయు, తెల్లని చిన్న టెర్రియరును ఆ చిన్నదేశముననే పుట్టినవి.

మనయింటికి గోడలిని దెచ్చుకొనునపుడు ఆమె పుట్టినింటి పద్ధతు లెట్టివి, ఆమె యే పని నేర్చినది, ఏ యాహారమునకు అలవాటుపడినది యని మంచి పెద్దలు విచారింతురు. అది ఆమెను దక్కువచేయుటకు గాదు. క్రొత్తచోట ఆమె సుఖపడవలెనని. నోరులేని జంతువును ఇల్లు చేర్చునపుడు మాత్రము మన మాపాటి విచారణయైన జేయక, రూపు బాగున్నదని కొని తెత్తుము. ఈ లోపము తీర్చుకొనుటకు మాకు గడచిన వేసవి సెలవులలో ఒక యవకాశము లభించెను.

మా మఱది ఉద్యోగరీత్యా ఎడింబరోలో గాపురమున్నాడు. అతనికి బదియేండ్ల కూతురును, ఆరేండ్ల కొడుకును గలరు. కుక్కపిల్ల కావలెనని ఆ పిల్లలు ఏడాదినుండి పోరుచుండిరి. మా తోడికోడలికి సమ్మతి లేదు. ఆచారభంగమగునను భయముచేత గాదు. ఆలుమగలిద్దరును ఉద్యోగములకు బోవువారు. "అక్కా, ఎనిమిది గంటలకు ఇంటికి దాళమువేసి పోయినచో సాయంకాలమువఱకు ఆ ప్రాణి యొంటరిగా నేమి చేయును? పిల్లలు పదిదినము లాడి విసిగినచో దాని గతి యేమి?" అని ఆమె మాతో ననెను. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకుండెను. మావారు బడిపంతులు గదా! "పాఠము చదువకుండ పరీక్షకు గూర్చుండుట యేల? ఎట్లును దేశము చూడబోవుచున్నాము. ఏ కుక్క యే నేలను, ఏ పనికై పుట్టినదో కన్నులార జూచి, పిమ్మట నిశ్చయింపుడు" అనిరి. ఆ మాట యందఱకును నచ్చెను.

మొదట నగరముననే ఆరంభించితిమి. ఎడింబరోలో కొండమీద పాతకోట యొకటి కలదు. దానికి సమీపమున గ్రేఫ్రయర్సు అను క్రైస్తవ దేవాలయమును, దానిని జుట్టి పురాతనమైన శ్మశానవాటికయు నున్నవి. వెలుపల వీధిమూలను ఎత్తైన రాతిస్తంభముమీద చిన్నకుక్క విగ్రహము గలదు. విలియం బ్రోడీ యను శిల్పి మలచిన ఈ విగ్రహమును 1873లో నిలిపిరి. అందులకు ధనమిచ్చినది బర్డెట్ కూట్సు అను దానశీలయైన దొరసాని. అదృష్టము గలుగునని యాత్రికులు దాని ముక్కును రాచిరాచి అరుగదీసినారు.

ఆ కుక్కపేరు బాబీ. జాన్ గ్రే యను రాత్రికావలి పోలీసువాడు 1858వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో మరణింపగా నీ వాటికలో బాతిపెట్టిరి. నాటినుండి 1872వ సంవత్సరము జనవరిలో తాను మరణించువఱకు, సుమారు పదునాలుగేండ్లు, బాబీ ఆ సమాధిని విడువలేదని ప్రసిద్ధి. 1861 మొదలు కోటమీద ఒంటిగంటకు ఫిరంగి పేల్చుట యాచారము. ఆ చప్పుడు విని బాబీ దాపుననున్న పూటకూటియింటికి బోయి, తిని, మరల సమాధికడకు జేరునట. 1867లో కుక్కల పన్ను సంగతి వచ్చినపుడు, యజమానుడు లేని బాబీకై నగరాధ్యక్షుడైన విలియం చేంబర్సు తానే రుసుము చెల్లించి, మెడకు బట్టా చేయించెను. ఆ పట్టా నేటికిని నగర ప్రదర్శనశాలలో నున్నది. సమాధికడ నుండిన కుక్క యొక్కటి గాదు, ఒకదానివెనుక నొకటిగా రెండని 2011లో నొక పరిశోధకుడు గ్రంథము వ్రాసెను. అది స్కై టెర్రియరు జాతిదని పలువురును, డాండీ డిన్మాంటు జాతిదని కొందఱును జెప్పుదురు.

మాకు మహాప్రస్థానమున ధర్మరాజు వెంట నడచిన శునకము స్మరణకు వచ్చెను. తమ్ములును ద్రౌపదియు బడిపోయినను అది వెంటనంటి వచ్చెను. దానిని విడిచి రథమెక్కనని ధర్మనందనుడు దేవేంద్రునితో వాదించెను. ఈ కథను మేము చెప్పుచుండగా మా మఱది కూతురు, "పెద్దమ్మా, బాబీకి పదునాలుగేండ్లు అన్నము పెట్టినదెవరు?" అని యడిగెను. ఆ ప్రశ్న మమ్ము నాలోచింపజేసెను. కుక్క విశ్వాసమును అందఱును గీర్తింతురు. గిన్నెలో గూడు పెట్టిన పూటకూటివారి చేతులు, పన్ను చెల్లించిన నగరాధ్యక్షుని చేయి మఱుగుపడును. కుక్క పదునాలుగేండ్లు విశ్వాసముతో నున్నదనగా, ఎవరో పదునాలుగేండ్లు దానికి గూడు పెట్టిరన్నమాట. సమాధిరాతికడ బాటసారులు కుక్క కాడుకొనుటకని పుల్లలు వదలిపోవుదురు. చిన్నవాడును ఒక పుల్లను దెచ్చి యుంచెను.

తరువాతి శనివారము దక్షిణముగా సరిహద్దు సీమకు వెడలితిమి. ట్వీడు నదీతీరమున ఆబట్సుఫర్డు అను భవనము గలదు. అది ప్రఖ్యాత కథకుడైన సర్ వాల్టరు స్కాటు నివాసము. అతని ప్రియశునకమగు మైడా, జింకల వేటకు బెంచబడిన డీర్‌హౌండు రక్తము గలది, 1824లో మరణింపగా ఆ యింటి ద్వారముకడనే పాతిరి. ఎడింబరో నగరమధ్యమున స్కాటునకు గట్టిన మహాస్మారకములోని పాలరాతి విగ్రహమున గూడ మైడా యాతని ప్రక్కనే కూర్చున్నది. డీర్‌హౌండు చూడ గంభీరమైనది. మగకుక్క భుజమువఱకు 76 సెంటీమీటర్ల కెక్కువ యెత్తుండును. స్వభావమున మిక్కిలి సాధువు. కాని దాని యాయువు తక్కువ. గుండెజబ్బును, ఎముకల క్యాన్సరును ఆ జాతిని బాధించును. పెద్దకుక్కను గోరు పిల్లలకు ఈ సంగతి ముందే తెలియవలెను.

అచ్చటినుండి యారో లోయవెంట సెయింటు మేరీసు అను సరస్సుకడకు బోతిమి. ఇరువైపుల జెట్టులేని పచ్చని కొండలు. వానిపై ముత్తెములు చల్లినట్లు గొఱ్ఱెలు. సరస్సు చేరువను జేమ్సు హాగ్ అను గొల్లకవి విగ్రహము గలదు. అతని పాదముల చెంత కుక్క పరుండియున్నది. ఇతడు నిజముగా గొఱ్ఱెలు గాచి జీవించినవాడు. ఒకరాత్రి బెదరి మూడుదిక్కులకు జెదరిపోయిన ఏడువందల గొఱ్ఱెపిల్లలను, సిర్రా యను తన కుక్క యొంటరిగా గొండలమీద దిరిగి, తెల్లవారునప్పటికి ఒక లోయలో నొక్కటియైన దప్పకుండ చేర్చియుంచెనని అతడు వ్రాసినాడు.

ఈ సీమయే బోర్డరు కోలీకి బుట్టినిల్లు. దారిప్రక్కను ఒక పొలమున నొక కాపు తన మందను తోలించుచుండగా కంచెకడ నిలిచి చూచితిమి. నలుపు తెలుపుల కుక్క తల దించి, పొట్ట నేలకు దాక, కన్నార్పక గొఱ్ఱెలను జూచును. మొఱుగదు; కఱవదు. ఆ చూపునకే మంద కదలును. దీనిని వారు 'కన్ను' అని పేర్కొందురు. కాపు 'కమ్ బై' అన్నచో కుక్క మందను గడియారపు ముండ్ల తీరున జుట్టివచ్చును. 'అవే' అన్నచో దానికి వ్యతిరేకముగా దిరుగును. 1873లో వేల్సులోని బాలా యను నూరిలో బ్రిటనుదేశపు మొదటి కాపరికుక్కల పోటీ జరుగగా, గెలిచినది స్కాట్లాండువాని చేతిలోని స్కాట్లాండు కుక్కయే. నేటి బోర్డరు కోలీలకు మూలపురుషుడుగా నెన్నబడు ఓల్డు హెంపు అను కుక్క 1893లో సరిహద్దునకు అవతలివైపున, ఇంగ్లండులోని నార్తంబర్లాండులో బుట్టెను. ఈ జాతికి గుర్తు చెవియు గాదు, రంగును గాదు, పనియే.

ఆ కాపు మాతో, "కోలీకి మనము పని యీయకున్నచో నది తానే పని కల్పించుకొనును. ఆ పని మనకు నచ్చదు" అనెను. మందలేని యింట నది ఆటలాడు పిల్లలను జుట్టుముట్టి యొకచో జేర్చును, మడమలు గిల్లును, వీధిలో బోవు బండ్లవెంట బడును. అందఱును దానిని దుష్టమందురు. దాని తప్పేమి? నూఱేండ్లుగా మన మేది నేర్పితిమో అదియే చేయుచున్నది. పల్లెటూళ్ల కుక్కలను విచ్చలవిడిగా వదలుట యచ్చట నేరము గూడ. తన కుక్క యితరుల పశువులను దఱుముటకో కఱచుటకో విడిచిపెట్టినవానికి 2021 నాటి చట్టప్రకారము 40,000 పౌండ్లవఱకు జుల్మానాయు, పండ్రెండు నెలలవఱకు జెఱయు విధింపవచ్చును.

ఆ సీమయందే పుట్టిన పొట్టికాళ్ల డాండీ డిన్మాంటు టెర్రియరు కథ విచిత్రమైనది. స్కాటు 1815లో రచించిన 'గై మానరింగ్' అను నవలలో ఆ పేరుగల రైతుపాత్ర యున్నది. అతని కుక్కల కెల్ల 'మిరియము', 'ఆవ' అని రెండే పేళ్లు. జనులు నవల జదివి, రైతు పేరునే కుక్కలజాతికి బెట్టిరి. నేటికిని వాని రంగులను మిరియము, ఆవ యనియే చెప్పుదురు. అయితే అంతటి కీర్తిగల ఈ జాతియు, బాబీదని చెప్పబడు స్కై టెర్రియరు జాతియు నేడు క్షీణించుచున్నవి. బ్రిటనుదేశమున ఏటికి మూడువందల పిల్లలైన నమోదు కాని స్వదేశజాతులను అచ్చటి కెన్నెలు క్లబ్బువారు ప్రత్యేకముగా బేర్కొందురు. ఈ రెండును అందున్నవి. వేడుక మాఱగానే వంశమే యంతరించు నపాయము కుక్కలకు గూడ గలదు.

ఎడింబరోకు దిరిగివచ్చి, రెండుదినములు విశ్రమించి, ఉత్తరమునకు బ్రయాణమైతిమి. సుమారు 250 కిలోమీటర్లు పోగా ఇన్వర్నెస్సు పట్టణము వచ్చును. అచ్చటినుండి పడమరగా, నదివెంబడి, బర్చి చెట్ల నీడలలో స్ట్రాత్‌గ్లాసు లోయను బోయితిమి. లోయచివర టామిచ్ అను చిన్నగ్రామమును, దానికి బైని గిషకాన్ అను పాతజమీనును గలవు. గిషకాన్ అనగా నచ్చటి గేలికు భాషలో పైను వృక్షములతోపు అని యర్థము. ఒకనాటి మహాభవనము నేడు కప్పులేని మొండిగోడలుగా నిలిచియున్నది. గోల్డెను రిట్రీవరు పుట్టినచో టిదియే.

ఈ జమీనుకు బ్రభువు డడ్లీ మార్జోరీబ్యాంక్సు. పిమ్మట ట్వీడ్‌మౌతు బిరుదము నొందినవాడు. వేటలో నీటబడిన పక్షులను, మెత్తగా నోటగఱచి, ఈకయైన జెడకుండ దెచ్చి చేతికిచ్చు కుక్క యాతనికి గావలసియుండెను. 1865లో బ్రైటను పట్టణమున నౌస్ అను పసుపువన్నె రిట్రీవరును గొనెను. 1868లో దానికిని, బెల్ అను ట్వీడు వాటరు స్పానియలు జాతి యాడుకుక్కకును నాలుగు పసుపుపిల్లలు పుట్టెను. ఆడా, కౌస్లిప్, క్రోకస్, ప్రిమ్‌రోజ్ అని వానికి బేళ్లు పెట్టిరి. ఈ పేళ్లలో మూడు అచ్చటి పూవుల పేళ్లు. తల్లిజాతి నేడు లోకమున లేదు. సర్కసులోని రష్యాదేశపు కుక్కలనుండి ఈ జాతి పుట్టెనని చాలకాలము జనులు నమ్మిరి. 1952లో ప్రభువుయొక్క చేతివ్రాత పుస్తకములోని వివరములు ప్రకటింపబడినపిమ్మట నా కట్టుకథ పోయినది. చిఱుపద్దు లైనను దప్పక వ్రాసియుంచు గృహిణులకు ఈ విషయము సంతోషము గూర్చును.

మన స్త్రీలు దెలిసికొనదగిన మఱియొక సంగతి. ఆ ప్రభువు కూతురు ఇష్బెల్ ఈ గిషకానులోనే బాల్యమున జాలకాలము గడపెను. ఆమె తరువాత ఆబర్డీను ప్రభుపత్నియై, 1893 మొదలు పెక్కేండ్లు అంతర్జాతీయ మహిళాసమితికి అధ్యక్షురాలుగా నుండెను. గోల్డెను జాతికి గుర్తింపు సంపాదించుటకు బాటుపడినవారిలో ముఖ్యురాలు గూడ నొక స్త్రీయే: శ్రీమతి చార్ల్స్‌వర్తు. ఆమె పూనికచే 1911లో ఆ జాతికి సంఘమేర్పడెను.

టామిచ్ గ్రామమున 2014లో నిలిపిన గోల్డెను విగ్రహము నొద్ద మా పిల్లలు చాలసేపు నిలిచిరి. 2018లో, జాతి పుట్టి నూటయేబదేండ్లయిన సందర్భమున, ఈ మొండిగోడలముందు 361 గోల్డెనులు సమావేశమైనవి. 2023లో 488 వచ్చినవి. మేము పోయిననాడు ఇంగ్లండునుండి వచ్చిన దంపతులు తమ కుక్కను దీసికొనివచ్చియుండిరి. అది పరుగెత్తిపోయి మా తోడికోడలి పాదముల దగ్గఱ ఒక కఱ్ఱముక్కను దెచ్చి పెట్టి, తోక యాడించుచు మొగమువైపు చూచెను. ఆమె నవ్వినది. కాని సాయంకాలము బసలో మాతో, "అక్కా, దాని కన్నులు చూచితిరా? దానికి గఱ్ఱతో బనిలేదు, పుచ్చుకొను మనుష్యునితో బని. అట్టిదానిని తొమ్మిదిగంటలు తాళమువేసి పోవుట పాపము" అనెను. మే మందులకు ఔననక తప్పలేదు. గోల్డెను సుమారు ముప్పది కిలోల బరువు బెరుగును. దినమునకు రెండుగంటల సంచారము దానికి గావలెను. యింటినిండ వెండ్రుకలు రాల్చును. తుంటికీళ్ల జబ్బును, క్యాన్సరును ఆ జాతిలో బెచ్చు. ఇవన్నియు సహింపవచ్చును. ఒంటరితనము మాత్రము దానికి సహింపరానిది.

మఱునాడు పడమటి తీరమున 1995లో గట్టిన వంతెన దాటి స్కై దీవి చేరితిమి. ఆకాశమును జీల్చు నల్లని కొండలు, వానిక్రింద ఎచ్చట జూచినను రాళ్లగుట్టలు. రాళ్లగుట్టను వారు 'కెయిర్న్' అందురు. ఆ గుట్టల సందులలో దాగిన నక్కలను, నీటిపిల్లులను బయటికి దఱుముటకు బెంచినదే కెయిర్న్ టెర్రియరు. 'టెర్రియరు' అను మాటకు మూలార్థము నేల. నేలను ద్రవ్వి చొచ్చునది యని భావము. ఆఱేడు కిలోల బరువు, చిక్కురువెండ్రుకలు, చుఱుకైన కన్నులు. 1939 నాటి 'విజర్డ్ ఆఫ్ ఆజ్' చలనచిత్రమున డొరతీ బాలిక వెంటనుండు టోటో ఈ జాతిదే.

దక్షిణముగా మరలి వచ్చుచు ఆర్గైలు సీమలో బొల్టాలక్ అను జమీను మీదుగా బోతిమి. అచ్చటి కర్నలు మాల్కమునకు ఎఱ్ఱవన్నె టెర్రియ రొకటి యుండెను. దానిని నక్కయని భ్రమపడి వేటలో గాల్చిరనియు, నాటినుండి ఆయన పొదలలో స్పష్టముగా గానవచ్చు తెల్లనివానినే పెంచెననియు జెప్పుదురు. వెస్టు హైలాండు వైటు టెర్రియరు అను పేర 1907లో నా జాతికి గుర్తింపు గలిగెను. వెస్టీయని మనవారు ముద్దుగా బిలుచునది యిదియే. బొమ్మవలె నుండునేకాని అది బొమ్మ గాదు; మొఱుగును, త్రవ్వును, ఎలుకను జూచిన నిలువదు. చర్మపు దురదజబ్బు దానికి దఱచుగా గలుగును. నల్లని స్కాటిషు టెర్రియరు మఱియు గంభీరమైనది. ఒక్క యజమానునే యాశ్రయించునది. అమెరికా యధ్యక్షుడు రూజ్వెల్టు వద్దనుండిన ఫాలా యీజాతిదే. వాషింగ్టనులోని యాయన స్మారకమున దానికిని విగ్రహము గలదు. ఈ టెర్రియరులలో నేదియు చంటిపిల్లవాడు తోక లాగినచో నూరకుండదు. బిడ్డకు నేర్పవలసిన మర్యాదను కుక్కకు నేర్పబూనుట న్యాయము గాదు.

షెట్లండు దీవులకు మేము పోలేదు. అచ్చటి కుఱుచ గొఱ్ఱెలకును, గుఱ్ఱములకును దగినట్లు చిన్నదిగా నున్న షెట్లండు షీపుడాగును ఎడింబరో యుద్యానములలో జూచితిమి. అది బుద్ధిశాలి, సున్నితమైనది, మొఱుగుట యెక్కువ.

ఇక మనదేశమున నీ జాతులను బెంచువారికి మేము తెలిసికొనివచ్చిన కొన్ని సంగతులు చెప్పవలసియున్నవి. ఎడింబరోలో నిండువేసవియందును ఎండ సామాన్యముగా 20 డిగ్రీల చేరువనే యుండును. మన విజయవాడలో మే నెలయందు 40 దాటును. గోల్డెను, కోలీ మొదలగువానికి మంచును వానను దట్టుకొనుటకై రెండుపొరల బొచ్చు గలదు. వానిని బగలు నడిపింపరాదు. తెల్లవాఱకముందును, ప్రొద్దుగ్రుంకి నేల చల్లారినపిమ్మటను దిప్పవలెను. చల్లగా నుండునని బొచ్చు గొఱిగించుట పొరపాటు. చర్మము ఎండకు గాలును, బొచ్చు మరల సరిగా మొలవకపోవచ్చును.

మన యిండ్లలో మిగిలిన పులుసన్నము కుక్కకు బెట్టుట వాడుక. ఉల్లియు, వెల్లుల్లియు దాని రక్తమును జెఱచును. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెటు విషతుల్యములు. పిల్లలు ప్రేమతో బెట్టు మిఠాయియే దాని ప్రాణము తీయవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది మందులవిషయము. పిడుదులకును గజ్జికిని మనదేశమున ఐవర్‌మెక్టిన్ అను మందు నిచ్చుట సామాన్యము. కోలీజాతులలో బెక్కింటికి వంశపారంపర్యముగా ఎండీఆర్1 అను జన్యువునందు లోపమున్నది. అట్టివానికి ఈ మందు పెద్దమోతాదున నిచ్చినచో మెదడున కెక్కి ప్రాణాపాయము గలుగును. ఈ కారణమును అమెరికాలోని వాషింగ్టను స్టేటు విశ్వవిద్యాలయమువారు 2001లో గనుగొనిరి. కోలీగాని, షెట్లండుగాని ఇంటనున్నవారు, పశువైద్యుడు సూది చేతబట్టకముందే "ఇది కోలీజాతిది, ఈ మందు తగునా?" యని యడుగవలెను. సిగ్గుపడవలసిన పనిలేదు.

బ్రిటనులో నేలజంతువులనుండి పిచ్చికుక్కవ్యాధి యేనాడో తొలగింపబడినది. కావున నచ్చటి తల్లి కుక్క పంటిగాటునకు మనవలె వణకదు. మన తల్లుల భయము నిష్కారణము గాదు. పిల్లకు మూడునెలలు నిండగానే టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువులో మరల వేయించుచుండవలెను. ఏ కుక్కయైనను గఱచినచో, గాయమును సబ్బుతో ధారగా పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము సేయక యాసుపత్రికి బోవలెను.

మహాభారతారంభముననే సరమయను దేవశునకము కథ గలదు గదా. జనమేజయుని యజ్ఞశాలకడ ఆడుకొనుచున్న తన బిడ్డను రాజు తమ్ములు ఏ నేరమును లేకయే కొట్టగా, ఆ తల్లి వచ్చి, ఆలోచనలేక సాధువులను హింసించువారికి అనుకొనని భయములు సంభవించునని చెప్పి పోయెను. మన నగరముల వీధులలో నపుడపుడు పెద్దజాతి కుక్క, జడలుగట్టిన బొచ్చుతో, ఎవరో కారునుండి దింపిపోగా దిక్కుదోచక తిరుగుట చూచుచున్నాము. వీథిలో బుట్టిన కుక్కకు వీథి తెలియును. దీనికి దెలియదు. దానిని గొట్టినవారు లేకపోవచ్చును. ఆలోచింపనివారు మాత్రము కలరు. నిజమునకు మన యెండకును, మన తిండికిని దగినది మన యూరకుక్కయే. పిల్లలకు దోడుగా కుక్క కావలెననుకొను తెలుగు తల్లి మొదట తన వీథివైపు చూచుట మంచిది.

ఎడింబరో చేరినపిమ్మట మా మఱది యింట నాలుగు రాత్రులు ఆలోచన జరిగెను. మా తోడికోడలు కాగితమున మూడు ప్రశ్నలు వ్రాసెను. ఇంట బగలు దానివద్ద నుండునదెవరు? ఇది యే పనికై పుట్టినది, ఆ పనికి బదులు మన మేమి యీయగలము? పదునాలుగేండ్లు, అనగా మన బిడ్డ కళాశాలకు బోవువఱకు, దీనికి గూడు పెట్టు చేతు లెవరివి? కుక్కపిల్లను గొనుట యీ ప్రశ్నలకు నిలువలేదు. ఆమె తన పై యధికారిని వేడి వారమునకు మూడుదినములు ఇంటనే పనిచేయునట్లు ఏర్పాటు చేసికొనెను. మిగిలిన రెండుదినములు మధ్యాహ్నమున వచ్చి చూచుటకు క్రిందియంతస్తులోని వృద్ధురాలు ఒప్పుకొనెను. అప్పుడు అనాథశునకములను సంరక్షించు నొక శాలకు బోయి, యజమానురాలు వృద్ధాప్యమున గతింపగా మిగిలిన ఎనిమిదేండ్ల కెయిర్న్ టెర్రియరును దెచ్చుకొనిరి. పిల్లలు మొదట గొంచెము చిన్నబోయిరి. వారు కోరినది పసికూన గదా. పెద్దకుక్కకు త్రవ్వు కోరిక తగ్గియుండును. ఒంటరిగా రెండుమూడు గంటలు నిద్రించుట దెలిసియుండును.

మేము స్వదేశము చేరినపిమ్మట మా తోడికోడలు ఉత్తరము వ్రాసెను. కుక్కకు దిన మిడువలసిన తిండిని బిల్లవాడే కొలిచి పెట్టుచున్నాడట. దువ్వుట ఆడపిల్ల వంతు. ఒకనాడు పెరటిలోని గులాబిమొక్కను వేళ్లతో బెల్లగించెనట. ఇంగ్లీషు మాటలకు మాత్రమే యలవాటుపడిన యా ముసలిప్రాణి యిపుడు "రా", "కూర్చో", "చాలు" అను మూడు తెనుగు మాటలను నేర్చినదనియు, నాల్గవదగు "వద్దు" అనుదానిని మాత్రము వినిపించుకొనుట లేదనియు నామె వ్రాసినది.